కరపత్రానికి అధికారి ఎవరు? – పురుగుమందుల తెలుగు సూచనాపాఠం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పురుగుమందు డబ్బాతో పాటు రైతుకు అందే తెలుగు కరపత్రాన్ని, డబ్బాపై ఉండే లేబుల్‌ను ఈ వ్యాసం సూచనాపాఠాలుగా పరిశీలిస్తుంది. పాఠకుడు, సందర్భం, ప్రయోజనం అనే మూడు కోణాల నుంచి వీటి క్రియారూపాలను, పేర్లను, కొలతలను, రంగుల సంకేతాలను, ప్రథమచికిత్స వాక్యాలను విశ్లేషిస్తుంది. కరపత్రంలోని చిక్కు కఠినపదాల వల్ల మాత్రమే వచ్చింది కాదని, ఆ పాఠం తన పాఠకుడిగా ఊహించుకున్న వ్యక్తి వేరు కావడం వల్ల వచ్చిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సూచనాపాఠం, అనుబంధచతుష్టయం, అధికారి, పురుగుమందు, కరపత్రం, వృత్తిపదాలు.

ఉపోద్ఘాతం

చదివినవారు ఒక పనిని సరిగా చేయడం కోసం రాసినదాన్ని సూచనాపాఠం అనవచ్చు. వంటల పుస్తకం, మందుల చీటీ, ఓటరుకు ఇచ్చే సూచనలు, దరఖాస్తు వెనుక అచ్చువేసిన నిబంధనలు ఈ కోవలోకి వస్తాయి. తెలుగు పరిశోధనలో వీటికి దక్కిన చోటు తక్కువ. పత్రికాభాష మీద, ప్రకటనల భాష మీద జరిగినంత చర్చ వీటి మీద జరగలేదు. కాని తప్పుగా చదివితే ప్రాణం మీదికి వచ్చే తెలుగు పాఠం ఏదని అడిగితే, పత్తి, మిరప, వరి పండే పల్లెల్లో ఎవరైనా ముందుగా చూపగలిగేది పురుగుమందు డబ్బానే.

మన శాస్త్రసంప్రదాయం గ్రంథారంభంలోనే అనుబంధచతుష్టయాన్ని చెప్పమంటుంది. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనేవి ఆ నాలుగు. వీటిలో అధికారి అంటే ఆ గ్రంథాన్ని చదవడానికి అర్హతా అవసరమూ ఉన్న వ్యక్తి. ఎవరికోసం చెబుతున్నామో తేల్చుకోకుండా ఏం చెప్పాలో తేలదన్నది ఆ పద్ధతిలోని మెలకువ. నేటి తెలుగులో అధికారి అనే మాటకు అర్థం మారింది. తనిఖీకి వచ్చేవాడు, సంతకం పెట్టేవాడు, నోటీసు ఇచ్చేవాడు అధికారి. పురుగుమందు కరపత్రం ఈ రెండర్థాలలో ఏ అధికారి కోసం రాసింది అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ వ్యాసంలో ఉదాహరించిన వాక్యాలు ఇటువంటి కరపత్రాల్లో తరచుగా కనిపించే రూపాలకు నమూనాలుగా కూర్చినవి. ఏ ఒక్క సంస్థ కరపత్రం నుంచీ తీసుకున్నవి కావు.

చట్టం అడిగిన పాఠం

క్రిమిసంహారకాల చట్టం 1968లో, దాని నియమాలు 1971లో వచ్చాయి. ప్రతి ప్యాకింగులోనూ ఒక కరపత్రం ఉండాలని ఆ నియమాలు నిర్దేశిస్తాయి. ఏ పంటపై ఏ పురుగుకు వాడాలి, ఎలా వాడాలి, విషప్రభావ లక్షణాలేమిటి, ప్రథమచికిత్స ఏమిటి, విరుగుడు ఏమిటి, ఖాళీ డబ్బాను ఏం చేయాలి, ఎలా నిల్వ చేయాలి అన్నవి అందులో ఉండాలి. లేబుల్, కరపత్రం హిందీలో, ఆంగ్లంలో, అమ్మకం జరిగే ప్రాంతంలో వాడుకలో ఉన్న ఒకటి రెండు ప్రాంతీయభాషల్లో అచ్చు కావాలి. తెలుగు కరపత్రానికి పుట్టుక ఇక్కడే.

ఈ జాబితాలో లోపం లేదు. రైతుకు అక్కరకు వచ్చేవన్నీ ఇందులో ఉన్నాయి. అయితే ఏయే అంశాలు ఉండాలో నియమం చెప్పింది గాని, అవి ఎవరికి ఏ క్షణంలో అవసరమవుతాయో చెప్పడం దాని పని కాదు. ఆ పని పాఠం రాసేవారిది. లేబుల్‌పై ఉండే వజ్రాకారపు గుర్తు లేబుల్ వైశాల్యంలో 16వ వంతుకు తగ్గకూడదని కూడా నియమం కొలిచి చెప్పింది. కొలిచి చెప్పినదాన్ని పాటించడం తేలిక, తనిఖీ చేయడమూ తేలిక. తెలుగు వాక్యం రైతుకు బోధపడిందా లేదా అన్నదానికి అటువంటి కొలబద్ద లేదు. కనుక కరపత్రం అన్ని అంశాలూ ఉన్న పాఠంగా తయారవుతుంది. ఉన్నాయా లేవా అని చూసేవారి చేతిలో అది నెగ్గుతుంది.

క్రియాంతాల్లో కనిపించే పాఠకుడు

పాఠకుడెవరో తెలుగు వాక్యంలో అన్నిటికన్నా ముందు క్రియాంతం పట్టిస్తుంది. ‘చల్లండి’ అన్నప్పుడు ఎదుట ఒక మనిషి ఉన్నాడు, అతనికి మర్యాద ఉంది. ‘చల్లాలి’ అన్నప్పుడు తెలిసినవారు తెలియనివారికి చెబుతున్న ధోరణి ఉంది. ‘చల్లవలెను’ అన్నప్పుడు గోడమీద అంటించిన ప్రకటన వినిపిస్తుంది. కరపత్రం వీటిని దాటి నాలుగో మెట్టు ఎక్కుతుంది: ‘సిఫారసు చేయబడిన మోతాదు మాత్రమే ఉపయోగించబడవలెను.’ ఇందులో చెప్పేవారు లేరు, వినేవారు లేరు, చేసేవారూ లేరు. మోతాదు తనంతట తానే ఉపయోగపడిపోవాలి.

దీన్ని గ్రాంథికం మిగిల్చిన అలవాటుగా మాత్రమే చూడటం సరికాదు. గిడుగు రామమూర్తి బడిపుస్తకాల్లో ఎదిరించిన భాష డబ్బా మూత కింద తలదాచుకుందనడం చమత్కారంగా ఉంటుంది గాని, అసలు కారణాన్ని దాటవేస్తుంది. ‘వలెను’ను ‘ఆలి’గా మార్చి ‘ఉపయోగించబడాలి’ అని రాసినా లోపం అలాగే ఉంటుంది. ‘బడు’ ప్రయోగం కర్తను తొలగిస్తుంది. కర్త లేని వాక్యం వివాదం వచ్చిన రోజున పనికివస్తుంది. హెచ్చరిక చేశామన్నదానికి అది రుజువు. అలంకారశాస్త్రం ప్రభుసమ్మితమని, సుహృత్సమ్మితమని ఉపదేశానికి భేదాలు చెప్పింది. ఆ లెక్కలో ఈ వాక్యం ప్రభుసమ్మితం కూడా కాదు. ప్రభువు కనీసం ఎదుటివాణ్ణి చూసి ఆజ్ఞాపిస్తాడు.

పరోక్షత వల్ల నష్టం ఎంతో తెలియడానికి గాలి గురించిన సూచనను చూడవచ్చు. ‘గాలి దిశకు వ్యతిరేకముగా పిచికారి చేయరాదు’ అన్నది ఆంగ్లవాక్యపు అచ్చు. ధాన్యం తూర్పారబట్టిన మనిషికి గాలి గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. పొట్టు తన మీద పడకుండా ఎక్కడ నిలబడాలో అతని ఒంటికి తెలుసు. ‘తూర్పారబట్టేటప్పుడు పొట్టు మీద పడకుండా ఎలా నిలబడతారో, మందు కొట్టేటప్పుడూ అలాగే నిలబడండి’ అని రాస్తే అనుభవం వచ్చి వాక్యానికి తోడు నిలుస్తుంది. యంత్రాలు వచ్చాక తూర్పారబట్టడం ఎరగని యువరైతులూ ఉన్నారన్నది నిజమే. వారికి ‘గాలి మీ ముఖానికి కొడుతుంటే మందు కొట్టకండి’ చాలు. ఈ రెండు వాక్యాల్లో ఏదైనా ఒక మనిషిని ఉద్దేశించింది. కరపత్రంలోని వాక్యం ఒక దిశను ఉద్దేశించింది.

మందు, విషం, క్రిమిసంహారిణి

దుకాణంలో రైతు అడిగేది ‘మందు’. జ్వరానికి వేసుకునేది మందు, తాగేది మందు, తుపాకిలో కూరేది మందు, కలుపు చంపేది మందు, కొన్నిచోట్ల బస్తాల్లో వచ్చే రసాయనపుటెరువు కూడా మందే. ‘మందు కొట్టడం’ పొలంలో ఒక అర్థం, సాయంత్రం వేరొక అర్థం ఇస్తుంది. ఇన్ని అర్థాల్లో ఎక్కువ భాగం మేలు చేసేవో, మనిషి కోరి తెచ్చుకునేవో. మాటలోనే హెచ్చరిక లేదు. కరపత్రం దీన్ని గమనించినట్టు కనిపించదు. అది ‘క్రిమిసంహారిణి’ అంటుంది, పైన ‘విషం’ అంటుంది. మొదటిది పల్లెలో ఎవరూ పలకని మాట. రెండవది అందరికీ తెలిసిన మాటే అయినా, చేతిలో ఉన్న వస్తువును ఎవరూ పిలవని మాట. మూడు మాటలూ ఒకే ద్రవాన్ని చెబుతున్నాయని పాఠకుడే కూడబలుక్కోవాలి. ‘ఈ మందు పురుగుకే కాదు, మనిషికీ విషమే’ అనే ఒక్క వాక్యం వాడుకమాటకూ హెచ్చరికకూ మధ్య వంతెన వేయగలదు.

తెగుళ్ళ పేర్ల విషయంలో నష్టం వేరే రకంగా జరుగుతుంది. అగ్గితెగులు, మెడవిరుపు, దోమపోటు, ఉల్లికోడు వంటి పేర్లలో లక్షణమే పేరుగా నిలిచింది. అగ్గితెగులు అనగానే మాడినట్టున్న మడి కళ్ళకు కడుతుంది. మెడవిరుపు అంటే వెన్ను ఎక్కడ విరిగిందో పేరే చెబుతుంది. ‘బ్లాస్ట్’, ‘నెక్ బ్లాస్ట్’, ‘బీపీహెచ్’ అని తెలుగు లిపిలో అచ్చువేసినప్పుడు లిపి మారుతుంది గాని పాఠకుడికి ఆనవాలు దొరకదు. ఏ తెగులుకు ఏ మందో తేల్చుకోవలసినవాడు ఆ గుర్తింపు కోసం దుకాణదారు దగ్గరికే వెళ్ళాలి.

తెలుగులో ఈ మాటల సేకరణ జరగలేదని అనడానికి వీల్లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయపదాలతో 1962లోనే వెలువడింది. ఒకే పనిముట్టుకు, ఒకే పనికి జిల్లాకొక పేరు ఎలా ఉంటుందో అది నమోదు చేసింది. కరపత్రానికి అందులోంచి రావలసింది కేవలం మాటల పట్టిక కాదు, ఒక పద్ధతి. ఒక ప్రాంతపు పేరును ప్రామాణికం చేసి మిగిలినవాటిని వదిలేయకుండా, రెండు మూడు పేర్లు పక్కపక్కన ఇచ్చి, వెంటనే లక్షణాన్ని ఒక చిన్న వాక్యంలో చెప్పడం ఆ పద్ధతి. పదకోశం వెలువడి 6 దశాబ్దాలు దాటింది. తెలుగు శాఖల్లో ఆ సంపుటాలకు ఉన్న గౌరవం అమ్మకానికి వచ్చే డబ్బా దాకా ప్రయాణించలేదు. ఈ దూరానికి పరిశ్రమను ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. అటువంటి పాఠాలను సరిదిద్దే పని తమదేనని తెలుగు శాఖలూ అనుకోలేదు.

కొలతలు: సన్నిధి లోపం

వాక్యార్థానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలన్నారు. కలిసి అర్థం చెప్పవలసిన పదాలు దగ్గరగా ఉండటం సన్నిధి. కరపత్రంలోని మోతాదు పట్టికలో దెబ్బతినేది ఇదే. పంట, పురుగు, క్రియాశీల పదార్థం గ్రాముల్లో, అమ్మే మందు మిల్లీలీటర్లలో, కలపవలసిన నీరు లీటర్లలో, ‘వేచి ఉండవలసిన కాలం’ రోజుల్లో అంటూ గడులు నడుస్తాయి. లెక్క హెక్టారుకు ఉంటుంది. రైతు భూమి ఎకరాల్లో, కుంటల్లో, సెంట్లలో ఉంటుంది. చేతిలో ఉన్నది ట్యాంకు. కొలిచే పాత్ర తరచుగా డబ్బా మూత.

ఒక ఊహాత్మక లెక్క వేసి చూడవచ్చు. హెక్టారుకు 1000 మి.లీ. మందు, 500 లీటర్ల నీరు అని పట్టిక చెప్పిందనుకుంటే, లీటరుకు 2 మి.లీ. 16 లీటర్ల ట్యాంకుకు 32 మి.లీ. చాలు. హెక్టారు అంటే సుమారు 2.47 ఎకరాలు. హెక్టారనే మాటను గమనించక 1000 మి.లీ.ను ఎకరాకు అన్వయించి, ఎకరాకు అలవాటుగా పోసే 200 లీటర్ల నీటిలో కలిపితే లీటరుకు 5 మి.లీ., ట్యాంకుకు 80 మి.లీ. పడుతుంది. మోతాదు రెండున్నర రెట్లయింది. ఈ పొరపాటుకు నిరక్షరాస్యత కారణం కాదు. అక్షరం చక్కగా వచ్చినవాడే, పట్టిక శీర్షికలోని ఒక్క మాట దాటిపోతే, ఈ తప్పు చేయగలడు.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఏటా తెచ్చే వ్యవసాయ పంచాంగం, పత్రికల్లోని సేద్యం పేజీలు ఈ చిక్కును చాలావరకు విప్పాయి. ‘లీటరు నీటికి ఇంత కలిపి పిచికారి చేయాలి’ అన్నది వాటిలో స్థిరపడిన వాక్యం. తెలుగు సూచనాపాఠాల్లో ఇంత బాగా పనిచేసిన నిర్మాణాలు కొద్ది. మందూ నీరూ ఒకే వాక్యంలో, ఒకే ఊపిరిలో ఉన్నాయి. భూమి కొలత ఏదైనా లెక్క తప్పదు. అయినా ఇది కూడా పొలం గట్టు దాకానే వచ్చింది. మోనోక్రోటోఫాస్‌కు తరచుగా వినిపించే ‘లీటరుకు 1.6 మి.లీ.’ను ట్యాంకుకు మార్చితే 25.6 మి.లీ. అవుతుంది. ఆ దశాంశాన్ని మూతతో కొలవడం కుదరదు. ‘16 లీటర్ల ట్యాంకుకు 25 మి.లీ., డబ్బాతో ఇచ్చిన కొలతగ్లాసులో ఈ గీత వరకు’ అన్నప్పుడే వాక్యం చేతిలోని వస్తువును చేరుతుంది.

పట్టిక చివరి గడిలోని ‘వేచి ఉండవలసిన కాలం’ దగ్గర కొంచెం ఆగాలి. ఎవరు వేచి ఉండాలి, దేనికోసం? ఆఖరిసారి మందు కొట్టిన రోజుకూ పంట కోతకూ మధ్య ఉండవలసిన గడువు అది. తినేవారి క్షేమం కోసం పెట్టిన గడువు. శీర్షికలో కోత లేదు, తినేవారూ లేరు. మిరపలో కోత ఒక్కసారితో అయిపోదు, విడతలవారీగా సాగుతుంది. అక్కడ ఈ గడిని ఎలా చదవాలో కరపత్రం చెప్పదు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడకూడదని 2005లో ప్రభుత్వం నిషేధించింది. ‘కూరగాయలపై వాడరాదు’ అన్న వాక్యం చదవడానికి సులభంగానే ఉంది. ఎండబెట్టి యార్డుకు తోలే మిరపను రైతు కూరగాయగా లెక్కిస్తాడా, వాణిజ్యపంటగా లెక్కిస్తాడా? పచ్చిమిర్చిగా కోస్తే ఒకటి, పండనిచ్చి కోస్తే మరొకటా? సులభమైన మాట కూడా ఎవరి వర్గీకరణలో ఉందో చెప్పకపోతే సందిగ్ధమే. పంటల పేర్లు విడివిడిగా రాయడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు.

పచ్చ ఏ రంగు?

చదవనివారి కోసం ఏర్పడిన వ్యవస్థ రంగులది. లేబుల్‌పై వజ్రాకారపు గుర్తు రెండు త్రిభుజాలుగా ఉంటుంది. కింది త్రిభుజంలో రంగు, పై త్రిభుజంలో హెచ్చరిక మాట. అత్యంత విషపూరితమైనవాటికి ఎరుపు, పైన పుర్రె ఎముకల బొమ్మ. తరువాతి మెట్టుకు పసుపు. దాని తరువాత నీలం. అన్నిటికన్నా తక్కువ విషమున్నవాటికి ఆకుపచ్చ.

ఈ క్రమాన్ని తెలుగులో చెప్పబోతేనే చిక్కు ఎదురవుతుంది. తెలుగులో ‘పచ్చ’ అన్న మాట పసుపుకూ ఆకుపచ్చకూ చెల్లుతుంది. పచ్చగడ్డిలో అది ఆకు రంగు, పచ్చకామెర్లలో పసుపు రంగు. పచ్చజెండా ఒకటి, పచ్చని మేనిఛాయ మరొకటి. అందుకే స్పష్టత కావాలంటే ‘పసుపుపచ్చ’, ‘ఆకుపచ్చ’ అని ముందొక మాట చేర్చుకుంటాం. మాటల్లో ఆ ముందుమాట తరచుగా జారిపోతుంది. ‘పచ్చగుర్తు డబ్బా’ అని ఒకరు మరొకరికి చెబితే అది రెండవ మెట్టు విషమూ కావచ్చు, చివరి మెట్టుదీ కావచ్చు. ఒకే మాట రెండు కొసల దగ్గర నిలబడింది. దానికి తోడు పసుపు శుభసూచకం. గడపకు రాసేది, గాయానికి అద్దేది పసుపే. పసుపు రంగు చూసి వెనక్కి తగ్గమని ఏ తెలుగు అలవాటూ నేర్పదు. కూడలి దీపాల దగ్గర ఎరుపు, ఆకుపచ్చ పరిచయమే గాని, మధ్యలో వచ్చిన నీలం ఏ మెట్టో చెప్పే అనుభవం లేదు.

ఈ రంగులు దేశమంతటికీ ఒకటే. వాటిని మార్చమనడం ఇక్కడి ఉద్దేశం కాదు. రంగు సార్వజనీనమైన భాష అని నమ్మి దాని పక్కన తెలుగు వివరణ అక్కరలేదనుకోవడం దగ్గరే పొరపాటు ఉంది. నాలుగు రంగులనూ వరుసగా చూపి, ఈ డబ్బా ఏ మెట్టుదో చుట్టుగీతతో గుర్తించి, ‘ఆకుపచ్చ గుర్తు ఉన్నదీ తాగితే ప్రమాదమే’ అని రాయడం కరపత్రంలో ఒక అంగుళం చోటుతో అయ్యే పని.

విరుగుడు: వైద్యుడి కోసం రాసిన వాక్యం

కరపత్రం మొత్తంలో పాఠకుడు స్పష్టంగా మారిపోయే చోటు ఒకటుంది. ‘విరుగుడు: అట్రోపిన్’ అన్న పంక్తి రైతుకు చెప్పింది కాదు. అది మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందుల వల్ల విషప్రభావానికి లోనైన రోగిని చూసే వైద్యుడి కోసం. ఇద్దరు పాఠకులున్న పాఠంలో ఎవరి భాగం ఎవరిదో గుర్తు పెట్టి చెప్పడం కనీసధర్మం. అలా చెప్పకపోవడం వల్ల కలిగే హాని ‘ప్రత్యేకమైన విరుగుడు లేదు, లక్షణములను అనుసరించి చికిత్స చేయవలెను’ అన్న వాక్యంలో తెలుస్తుంది. వైద్యుడికి ఇది మామూలు సమాచారం. నిర్దిష్టమైన విరుగుడు లేకపోయినా చికిత్స ఉంటుందని అతనికి తెలుసు. కళ్ళు మంటలెత్తి, వాంతులవుతున్న మనిషి పక్కన నిలబడి చదివే బంధువుకు ‘విరుగుడు లేదు’ అన్నంతవరకే వినిపిస్తుంది. ఇక ఆసుపత్రి ఎందుకన్న నిస్పృహ అక్కడ పుట్టవచ్చు. పైరెత్రాయిడ్ వర్గపు మందులకూ, పారాక్వాట్ కలుపుమందుకూ విరుగుడు గడిలో చెప్పగలిగేది దాదాపు ఇదే. రెండింటి తీవ్రత ఎంత వేరో వైద్యులకు తెలుసు. కరపత్రం తెలుగు ఆ తేడాను చూపదు.

ఇక్కడ రావలసిన వాక్యం కరపత్రాన్ని ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందించేది: ‘వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఈ డబ్బాను, ఈ కాగితాన్ని వెంట తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి. కింది గీతల మధ్య ఉన్నది డాక్టరు కోసం.’ ఈ మూడు వాక్యాలు లేనిచోట అట్రోపిన్ అన్న మాట ఉన్నా దాని ప్రయోజనం నెరవేరదు. అనుబంధచతుష్టయంలోని సంబంధాన్ని ఈ సందర్భంలో ఇలా అర్థం చేసుకోవచ్చు.

ట్యాంకు మోసే మనిషి

ఇంతవరకు రైతు, పాఠకుడు అన్న మాటలు ఒకే మనిషిని చెప్పినట్టు వాడటం జరిగింది. సందర్భాన్ని దగ్గరగా చూస్తే అది నిలవదు. మందు కొనేవారు ఒకరు, నీళ్ళు మోసి కలిపేవారు మరొకరు, ట్యాంకు వీపుకు ఎత్తుకునేవారు ఇంకొకరు కావచ్చు. ట్యాంకు లెక్కన కూలి తీసుకునేచోట ఎన్ని ట్యాంకులు కొడితే అంత కూలి. ‘చేతితొడుగులు, ముఖకవచము, రక్షణ దుస్తులు ధరించవలెను’ అన్న వాక్యంలో ధరించేది కూలి, కొనిపెట్టవలసింది భూమి ఉన్న ఆసామి. వాక్యంలో ఇద్దరూ లేరు. ఆగస్టు, సెప్టెంబరు ఉక్కపోతలో నడుం ఎత్తు పత్తిచేలో ఆ దుస్తులతో ఎంతసేపు నడవగలరన్న ప్రశ్నా లేదు. ఉన్నంతలో ఏం చేయవచ్చో చెప్పే వాక్యాలకు కరపత్రం చోటివ్వదు: నిండుచేతుల చొక్కా, ముక్కుకూ నోటికీ అడ్డంగా గుడ్డ, ఉదయం పూట పని, అన్నం తినేముందు సబ్బుతో చేతులు, ఇంటికి రాగానే స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకడం. ఉన్నతమైన సూచన ఒక్కటే రాసి ఊరుకుంటే రాసినవారి బాధ్యత తీరుతుంది. గుడ్డ కట్టుకోవడం చేతితొడుగులకూ ముఖకవచానికీ సాటిరాదన్నది నిజం. ఆ మాట కూడా రాసే, గుడ్డ సంగతి చెప్పవచ్చు.

వాస్తవంలో ఈ మనిషికి అందే సూచనాపాఠం మౌఖికమైనది. దుకాణదారు ‘ట్యాంకుకు రెండు మూతలు’ అంటాడు. ఆసామి అదే మాట గట్టుమీద మళ్ళీ చెబుతాడు. ఆ నాలుగు మాటల్లో పాఠకుడున్నాడు, సందర్భముంది, ప్రయోజనముంది. లేనిది ప్రామాణికత. మూత ఎంతదో, రెండు మందులు కలిపితే ఏమవుతుందో, అమ్మేవాడి లాభం మోతాదులో ఎంత కలిసిందో అడగడానికి వీల్లేదు. కరపత్రానికి ప్రామాణికత ఉంది, వినేవారు లేరు. నియమాలు కోరింది అంశాలనే గనుక, వాటిలో దేన్నీ వదలకుండా తెలుగు వాక్యాన్ని తిరగరాయడానికి అడ్డేమీ కనిపించదు. మడత విప్పగానే పైకి కనిపించే భాగంలో ట్యాంకు లెక్క, గాలి సంగతి, ఆసుపత్రి వాక్యం పెద్ద అక్షరాల్లో, మరొకరికి చదివి వినిపించడానికి వీలైన చిన్న వాక్యాల్లో ఉండవచ్చు. హెక్టారు పట్టిక, క్రియాశీల పదార్థపు శాతం లోపలి పుటల్లోకి వెళ్ళవచ్చు. చదివి వినిపించే వీలు అన్నది ఇక్కడ అలంకారం కాదు. పిచికారి జరిగే వేళకు డబ్బా గట్టుమీద ఉంటుంది, కరపత్రం ఆసామి జేబులోనో ఇంటి చూరులోనో ఉంటుంది, మందు కొట్టే మనిషి చేలో ఉంటాడు. అతని దాకా వెళ్ళేది ఎవరో ఒకరి నోట మిగిలిన వాక్యమే.